చెవి కింద రూపాయి బిళ్ళంత మచ్చ

మొహం నల్లబడితే మా ఊళ్ళో మొదట అనుమానించేది ఎండను కాదు, సీసాను. పుదుచ్చేరిలో మగవాడి చెంప మీద నల్లమచ్చ కనిపిస్తే చాలు, వాడి లివరు గురించి వాడికంటే ముందు వీధికి తెలిసిపోతుంది. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఒక్క చుక్క నోట వేసుకోలేదు. అయినా మూడేళ్ళ పైచిలుకు తాగుబోతు మొహం మోసుకుని తిరిగాను. ఆ మొహాన్ని వదిలించుకోవడానికి పడ్డ అగచాట్లే ఇప్పుడు రాస్తున్నాను. గండం గడిచిందనే అనుకుంటున్నాను. గడిచిందని గట్టిగా చెప్పను, ఎందుకంటే ఏదీ అంత సులభంగా నమ్మే మనిషిని కాదు. ఇది చదివి ఒక్కరైనా లేజరు కుర్చీ ఎక్కేముందు ఒక ప్రశ్న ఎక్కువ అడిగితే నా కష్టం దండగ కానట్టే.

నేను బస్సు డ్రైవరును. పొద్దున ఏంబలం నుంచి టౌనుకు, సాయంత్రం టౌను నుంచి ఏంబలానికి. మా నాన్న మిల్లు కార్మికుడు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం రాయడం మాత్రం ఆయన పట్టుబట్టి నా ఒక్కడికే నేర్పగలిగాడు. నా దారి సంగతి చెప్పాలి. పొద్దున టౌనుకు వచ్చేటప్పుడు సూర్యుడు నా కుడి చెంప మీద ఉంటాడు. సాయంత్రం తిరిగి పోయేటప్పుడు ఆయన పడమటికి మారి మళ్ళీ నా కుడి చెంప మీదే కూర్చుంటాడు. ఇరవై రెండేళ్ళు ఇదే వరస. మచ్చ కూడా కుడి చెంప మీదే మొదలైంది. నా రంగు మామూలుగానే నలుపు. నలుపు మీద నలుపు ఏం కనిపిస్తుందిలే అనుకునేవాళ్ళున్నారు. బాగా కనిపిస్తుంది. కంటి కింద నుంచి దవడ దాకా పెనం అడుగులా తయారైంది.

మా ఇంటిదాని పేరు వసంత. ఆమెకు నేనంటే ప్రాణం, కానీ వాళ్ళ తమ్ముడి మాటంటే వేదం. ఆ తమ్ముడు ఒకనాడు కాఫీ తాగుతూ నా మొహం వంక చూసి, "అక్కా, మొగం ఇట్ల నల్లగా అయితే లివరు పోయినట్టే" అని చెప్పి గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నేను డ్యూటీ దిగి ఇంటికి రాగానే వసంత ఏదో పనున్నట్టు దగ్గరికొచ్చి వాసన చూసేది. చొక్కా విప్పితే కాలరు ముక్కు దగ్గర పెట్టుకునేది.

"ఏమయ్యా, నిజం చెప్పు. యాడన్నా తాగతా ఉండావా?"

"నేను తాగేది నీ కాఫీ ఒకటే."

"అందురూ అట్లే చెప్తారు."

కోపంతో మరునాడే రక్తపరీక్ష చేయించుకుని కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. లివరు శుభ్రంగా ఉందని అందులో రాసి ఉంది. వసంత దాన్ని తమ్ముడికి పంపింది. ఈ మధ్య పరీక్షలు కూడా సరిగ్గా చేయడం లేదని అతను జవాబిచ్చాడు. ఇద్దరు మనుషులు ఒకే మంచం మీద పడుకుని ఒకరినొకరు అనుమానించుకుంటూ ఉండటం ఎంత అలసటో అప్పుడు తెలిసింది. బస్సులో కూడా ఒక ముసలాయన మొదటి సీట్లో కూర్చుని, నేను బ్రేకు వేసినప్పుడల్లా పక్కవాడికి నన్ను చూపించేవాడు. ఒక్క ఫిర్యాదు పైకి వెళ్ళిందంటే డ్రైవరు బతుకు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మొహం బాగుచేసుకోవాలని నేను తీర్మానించింది అందం కోసం కాదు.

అది మార్చి నెల. టౌనులో ఒక చర్మం క్లినిక్కు వెళ్ళాను. పేరు ఎందుకులెండి. చల్లటి గది, మంచి వాసన, గోడ నిండా నవ్వుతున్న మొహాలు. ఒక్కొక్కటీ దగ్గరికి వెళ్ళి చూశాను. అన్నీ గోధుమరంగువి, కొన్ని దొరసానుల మొహాలు. కౌంటరు దగ్గరున్న అమ్మాయిని నా రంగు మనిషి ఫోటో ఒక్కటైనా ఉందా అని అడిగాను. ఆమె కాస్త తడబడి తన ఫోనులో ఒకటి చూపించింది. లేజరుకు ముందు, లేజరు తర్వాత. మనిషి నిజంగానే తేలిక రంగుకు వచ్చాడు. కానీ అతని వెనక గోడ కూడా తేలిక రంగుకు వచ్చింది.

"గోడకు కూడా సిట్టింగులు ఇచ్చినారా అమ్మా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. లోపలి డాక్టరు రెండు నిమిషాలు కూర్చున్నాడు, నా చెంప మీద చెయ్యి వేయలేదు. ఆరు సిట్టింగులు, కావాలంటే మొదటిది ఇవాళే అన్నాడు. ఈ యంత్రం నల్లచర్మాన్ని కాల్చదా అని అడిగితే, "అన్ని స్కిన్నులకీ సేఫ్ సార్" అన్నాడు. అన్ని రోగాలకూ ఒకే మందు అమ్మేవాణ్ణి నేను బస్టాండులో రోజూ చూస్తాను. లేచి వచ్చేశాను.

ఆ తర్వాత వారం గోరిమేడు వైపు పెద్దాసుపత్రికి వెళ్ళాను. అక్కడ చల్లటి గది లేదు. పొద్దున ఏడింటికే వరండా నిండిపోయి ఉంది. చీటీ చేతిలో పట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నాను. నా పక్కన తేంగాయితిట్టులో చేపలమ్మే పెద్దావిడ, రెండు చేతులకూ పుండ్లు. ఎండ జరిగి జరిగి నా కుడి చెంప మీదికి వచ్చేసరికి ఆమె నన్ను ఏమీ అడగకుండా లేచి, తన చోటు నాకిచ్చి నా చోట్లో కూర్చుంది. ఈవిడకు నాతో ఏం పనుందా అని నేను సంచీ దగ్గరికి లాక్కున్నాను. ఏ పనీ లేదు. నా మొహం చూసి అర్థం చేసుకుంది, అంతే. ఆ సంచీ లాక్కోవడం తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

డాక్టరమ్మ కర్నూలు వైపు మనిషట, తెలుగులోనే మాట్లాడింది. దాంతో కాస్త ధైర్యం వచ్చింది, మన భాషలో మాట్లాడి బుట్టలో వేస్తోందేమోనని కాస్త అనుమానం కూడా వచ్చింది. ఆమె నా చెంపను పట్టుకుని, లాగి, దీపం ఉన్న భూతద్దంతో చాలాసేపు చూసింది.

"లేజరు రంగును వెతుక్కుంటూ పోతుంది. మీ చర్మం నిండా రంగే. మచ్చేదో మామూలు చర్మమేదో దానికి తెలియదు, రెండిటినీ కాలుస్తుంది. కాల్చిన చోట ఇంకా నల్లబడొచ్చు. మీలాంటి చర్మానికి సరిపడే రకం వేరు, బలం తగ్గించాలి, మధ్యలో ఎడం ఎక్కువ ఇవ్వాలి. అంతా చూసుకున్నా నేను మాట ఇవ్వలేను."

మాట ఇవ్వలేనన్న మొదటి మనిషి ఆమే. నాకు నచ్చింది.

"మొహానికి ఏమైనా పూస్తున్నారా?"

"ఏమీ పూయను మేడమ్."

"ఇంట్లో ఆడవాళ్ళ క్రీములు ఏవైనా?"

"నాకెందుకు మేడమ్ అవి?"

"ఆలోచించి చెప్పండి. ఇది ముఖ్యం."

"సబ్బు, నీళ్ళు. అంతే."

ఆమె అదే రాసుకుంది. ఎండ తగలకుండా పూసే ఎండమందు ఆరు వారాలు రాయించింది, బస్సు అద్దంలో నుంచి కూడా వెలుతురు పని చేస్తుందని చెప్పింది. వసంత పాత ముదురు చీర చింపి నా పక్క కిటికీకి తెర కుట్టి ఇచ్చింది. తిడుతూనే కుట్టింది. ఆ తర్వాత మే నెలలో డాక్టరమ్మ మొహం జోలికి పోకుండా కుడి చెవి కింద, దవడ వంపులో, ఒక్క చిన్న చోట లేజరు పెట్టింది. రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు నాలుగు దెబ్బలు, వెంట్రుక కాలిన వాసన. నెలన్నర ఆగి రమ్మంది. ఒక చిన్న చుక్కకు నెలన్నర ఎందుకు అని నేను గొణిగాను.

మూడో వారానికి ఆ చోటు రూపాయి బిళ్ళంతై బొగ్గు రంగుకు తిరిగింది.

అద్దం ముందు నిలబడి దాన్ని వేలితో రుద్ది చూశాను. భయపడ్డాను, నిజంగానే భయపడ్డాను. ఉన్నది చాలదని ఇంకోటి తెచ్చుకున్నాను. తర్వాత భయం కోపమైంది. పెద్దాసుపత్రి కదా, నేర్చుకునే పిల్లల కోసం నా మీద ప్రయోగం చేశారు. పాత యంత్రం పెట్టారు. ఆ క్లినిక్కువాడే నయం, కనీసం నవ్వుతూ ముంచేవాడు. ఇలా వారమంతా ఉడికిపోయాను. గడువు దాకా ఆగకుండా జూన్ మొదటి సోమవారం వసంతను వెంటబెట్టుకుని వెళ్ళాను, అరిచేటప్పుడు సాక్షి ఉండాలని.

నేను అరిచాను. డాక్టరమ్మ మచ్చను చూసింది, భూతద్దంతో చెంపంతా మళ్ళీ చూసింది, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఈ చర్మం పలచబడింది. లోపల ఎర్రగా ఉంది. నల్లచర్మం మీద ఎరుపు దాక్కుంటుంది, పోయినసారి నాకు సందేహం వచ్చింది. మీరు ఏమీ పూయనన్నారు, నమ్మాను. నమ్మకుండా ఉండాల్సింది. దేవుడి మీద ఒట్టేసి చెప్పండి, ఏం పూస్తున్నారు?"

"ఏమీ పూయలేదు మేడమ్. ఎన్నిసార్లు చెప్పాలి?"

అప్పుడు వసంత గొంతు సవరించుకుంది.

"ఆయన పూసుకోడు మేడమ్. దొరై పూస్తాడు."

నేను ఆమె వంక తిరిగాను. దొరై మా డిపో పక్క సందులో క్షవరం చేసేవాడు. నాకు ఇరవై ఏళ్ళ స్నేహం. డ్యూటీకి గడ్డంతో వెళ్ళకూడదు కాబట్టి రోజు మార్చి రోజు తెల్లవారుజామున వాడి కుర్చీలో కూర్చుంటాను. కళ్ళు మూసుకుంటాను. ఈ భూమి మీద నేను కళ్ళు మూసుకుని కూర్చునే చోటు అదొక్కటే. గడ్డం గీశాక వాడు చల్లగా ఏదో పూస్తాడు. "కడగొద్దు అన్నా, అట్లే ఉండనీ" అంటాడు. మంగలి చేతి స్నో కదా అనుకున్నాను. అది నేను పూసుకునే లెక్కలోకి వస్తుందని నా బుర్రకు తట్టనే లేదు.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"నీ చొక్కా కాలరుకు మందు వాసన రోజూ వస్తాది గదా. సారాయి వాసన కప్పిపెట్టేదానికి ఏందో పూసుకోని వస్తా ఉండావు అనుకున్నా. ఒకదినం నీ వెనకాలే వచ్చి అంగడి బయట నిలబడి చూసినా. దొరై పూసేది చూసినా. ఇద్దురూ కలిసి నాటకం ఆడతా ఉండారు అనుకున్నా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కాగితాల మీదికి వంగింది. ఆ ట్యూబు తెచ్చి చూపించమంది.

మరునాడు తెల్లవారి దొరై దగ్గరికి వెళ్ళాను. దారంతా తిట్లు కూర్చుకుంటూ వెళ్ళాను. వాడు కుర్చీ దులిపి చూపించాడు. నేను కూర్చోలేదు.

"దొరై, నా మొగానికి ఏం పూస్తా ఉండావు?"

వాడు సంతోషంగా అద్దం కింద సొరుగు తెరిచి చిన్న ట్యూబు తీశాడు. "ఇదే అన్నా. మందుల అంగట్లో అడిగి తెచ్చినా. నీకు మాత్రమే, ఇంకెవురికీ పూయను."

"నాకెందుకు?"

వాడు కాసేపు బ్రష్షు కడిగాడు. "రెండేండ్ల ముందర నువ్వు గడ్డం గీకించుకోని పోయినాక, ఈ బెంచీ మీద కూర్చున్నోళ్ళు మాట్లాడుకుంటా ఉండిరి. డ్రైవరు బాగా తాగతాడు, మొగం చూడు అని. నాకు మనసు ఒప్పలేదు అన్నా. నీ నోరు నా ముక్కు కిందే ఉంటాది గదా ఇరవై ఏండ్లుగా, నువ్వు తాగవని నాకంటే ఎవురికి తెలుసు? మొగం తెలుపైతే వాళ్ళ నోరు మూతపడతాదని తెచ్చినా. నీకు చెప్తే వద్దంటావు. నువ్వు ఎవుర్నీ నమ్మవు గదా."

కూర్చుకున్న తిట్లలో ఒక్కటీ బయటికి రాలేదు. ఊరంతా తాగుబోతన్నప్పుడు, కట్టుకున్నది కాలరు వాసన చూసినప్పుడు, నన్ను నమ్మిన ఒకే ఒక్కడు వీడు. నా మొహం పాడుచేసిందీ వీడే. ట్యూబు తీసుకుంటూ వాడి చేతి వేళ్ళు చూశాను. బొటనవేలు, చూపుడువేలు నున్నగా పలచబడి, చివర్లు పగిలి ఉన్నాయి. రెండేళ్ళుగా నాకు పూసిన చెయ్యి అది.

"ఈ వేళ్ళు మండుతాయా?"

"చుమ్మా, ఊరికే కొంచెం మండతాది. సబ్బు వల్ల అనుకున్నా."

వాడి అంగడి మూయించి పెద్దాసుపత్రికి వాణ్ణి కూడా లాక్కుపోయాను. డాక్టరమ్మ ట్యూబు వెనక్కి తిప్పి సన్నటి అక్షరాలు చదివింది. అందులో స్టెరాయిడు ఉంది. మొదట్లో మొహం తేలికపడుతుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, మానేస్తే ఎదురు తిరుగుతుంది, అలాంటి చర్మం మీద ఏ లేజరు పెట్టినా ఇంతే అని చెప్పింది. నేను ఆ క్లినిక్కు మాట విని ఆరు సిట్టింగులకు మొహమంతా అప్పగించి ఉంటే ఏమయ్యేదో అడిగాను. ఆమె నా చెవి కింద మచ్చ మీద వేలు పెట్టి, ఆ వేలును మెల్లగా నుదురు దాకా లాగింది. అంతే చెప్పింది. నేను తిట్టిన ఆ మచ్చే నా మొహాన్ని కాపాడింది.

జూన్, జులై, ఆగస్టు ఎలా గడిచాయో వివరంగా రాయలేను. ట్యూబు మానేసిన వారానికి మొహమంతా పచ్చిమిరపకాయ నూరి రాసినట్టు మంట. తోలు పొరలుగా లేచింది. దీపం వెలుతురు కూడా తగలనివ్వలేదు. సెలవు పెట్టి ముందు గదిలో తలుపులు మూసుకుని కూర్చున్నాను. కొన్ని రోజులు ఆ ట్యూబు మళ్ళీ తెచ్చుకుందామా అని కూడా అనిపించింది, ఒక్కసారి పూస్తే చల్లబడుతుందని తెలుసు కనుక. వసంత చల్లటి తడిగుడ్డ మార్చి మార్చి వేసేది.

"తమ్ముడి మాట విని నిన్ను అట్ల అనినా" అంది ఒకరోజు గుడ్డ పిండుతూ.

"నేను ఎవుర్ని నమ్మినాను, నువ్వు నన్ను నమ్మేదానికి?"

"అదీ నిజమే" అని గుడ్డ వేసింది.

అక్టోబరులో ఐప్పసి నెల వానలు మొదలయ్యేసరికి మంట తగ్గింది. మచ్చలు మాత్రం ఉన్నాయి. ఆ సమయానికే మొదటి క్లినిక్కు నుంచి దీపావళి ఆఫరని ఫోను వచ్చింది. పెట్టేశాను. డాక్టరమ్మ ముందు కూర్చుని సూటిగా అడిగాను, మీ సొంత అన్నకు ఈ మొహం ఉంటే ఏం చేస్తారు అని. "ఇంకో మూడు నెలలు ఏమీ చేయను" అంది. ఏమీ చేయొద్దని చెప్పడంలో ఎవరికీ లాభం ఉండదు. కాబట్టి ఆ మాట నమ్మాను. తెర, ఎండమందు, ఓపిక, అంతే.

జనవరి ఆఖర్లో ఎడమ చెవి కింద రెండో చుక్క పెట్టింది. ఈసారి రెండు నెలలు ఆగాం. ప్రతి ఉదయం అద్దంలో దాన్ని పరీక్షించాను, వసంత వేరుగా పరీక్షించింది, మా ఇద్దరి మాటా కలవకపోతే దొరైని ఇంటికి పిలిచి అడిగాం. అది నల్లబడలేదు. తర్వాత నెలకొకటి చొప్పున, తక్కువ బలంతో, నాలుగు సిట్టింగులు. ప్రతిసారీ యంత్రం పేరు, బలం ఎంతో కాగితం మీద రాసివ్వమన్నాను. ఆమె విసుక్కోకుండా రాసిచ్చింది. నేను తెల్లబడలేదు, తెలుపు అడగలేదు కూడా. మచ్చ ముప్పాతిక వంతు కలిసిపోయి నా నలుపు నాకు వచ్చింది. ఎండకు మళ్ళీ రావొచ్చని ఆమె ముందే చెప్పింది. బస్సులో మొదటి సీటు ముసలాయన ఇప్పుడు ఇంకో డ్రైవరును చూపిస్తున్నాడని విన్నాను. కుడి చెవి కింద రూపాయి బిళ్ళ మాత్రం అలాగే ఉంది. దాన్నీ తగ్గించడానికి చూద్దామా అంది డాక్టరమ్మ. వద్దన్నాను.

దొరై అంగడికి మళ్ళీ వెళ్ళడానికి నాకు ఏడాది పట్టింది. అంతదాకా ఇంట్లోనే గీసుకున్నాను, గాట్లు పెట్టుకుంటూ. పోయిన నెల ఒక తెల్లవారుజామున వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. వాడి వేళ్ళు మానాయి. ఒక్కొక్క వస్తువూ అద్దం ముందు ఎత్తి చూపించాడు. నీళ్ళు. సబ్బు. కొత్త బ్లేడు, కాగితం విప్పక ముందు. ఆఖర్న ఖాళీ సొరుగు కూడా లాగి చూపించాడు. నేను ప్రతిదానికీ తల ఊపాను.

నురగ పట్టించి, "కండ్లు మూసుకో అన్నా, సబ్బు పడతాది" అన్నాడు.

నేను మూయలేదు. ఇరవై ఏళ్ళు ఆ కత్తి నా గొంతు మీద నడిచింది, ఏనాడూ కళ్ళు తెరవాలనిపించలేదు. ఇప్పుడు మూయాలని ఎంత అనుకున్నా రెప్పలు మాట వినలేదు. నురగ కంట్లో పడింది. నీళ్ళు కారాయి. దొరై కత్తి ఆపాడు.

"ఏడస్తా ఉండావా అన్నా?"

"సబ్బు" అన్నాను.

వాడు నమ్మలేదు. భుజం మీది తువ్వాలు కొసతో నా కళ్ళు తుడిచి, చెవి కింద మచ్చ దగ్గర కత్తిని పక్కకు జరిపి, మెల్లగా గీయడం మొదలుపెట్టాడు.